మోటారుబండికి మాఱు ఆల్టర్నేటరు నెన్నుకొనుట

మన సంఘసభ్యులలో ట్రాక్టరు గలవారే గాక కారో, జీపో, చిన్న సరకుబండియో గలవారును నేడు పెక్కుమంది యున్నారు. ఈ బండ్లలో నధికభాగము ఇతరులయొద్ద కొన్నియేండ్లు తిరిగి మన చేతికి వచ్చినవి. మిరపకాయ గుంటూరునకు పోవు దినములలోను, నడిరేయి ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చినప్పుడును మార్కాపురము, కంభము, గిద్దలూరు పల్లెలవారికి ఇవియే యాధారము. ఇట్టి బండి యొకనాటి యుదయమున సెల్ఫు తిరుగక మొరాయించినచో మొదట వినవచ్చు మాట "డైనమో పోయినది, క్రొత్తది వేయవలయును" అనునది. ఈ మాట తఱచు నిజము కాదు. నిజమైనప్పుడును, ఏ క్రొత్తది వేయవలయునను ప్రశ్నకు దుకాణములో ఆ పూట చేతికందినదే సమాధాన మగుచున్నది. పంట యమ్మిన సొమ్ము ఇట్లు వ్యర్థమగుట యొక నష్టము. సరిపడని వస్తువును బిగించుకొని నల్లమల కనుమ యెక్కుట అంతకు మించిన యపాయము. కాబట్టి ఈ నెల పాఠమునకు ఈ విషయము నెత్తికొంటిమి.

నేటి బండ్లలో డైనమో లేదు. పేరు మాత్రము మిగిలినది. 1831లో మైకేలు ఫారడే కనుగొన్న సూత్రమే రెండింటికిని మూలము. తీగచుట్ట చెంత అయస్కాంతబలము మాఱుచున్నంతసేపు తీగలో విద్యుత్తు పుట్టును. డైనమోలో తీగచుట్టలే తిరుగును. ఇంజిను మెల్లగా తిరుగునప్పుడు దానినుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. పాతజీపులు సంతవీథిలో నెమ్మదిగా పోవునప్పుడు దీపములు మసకబారుటకు కారణ మిదియే. ఆల్టర్నేటరులో అట్లు గాక అయస్కాంతము నడుమ తిరుగును, తీగచుట్టలు దానిచుట్టును కదలక నిలిచియుండును. ఆ చుట్టలలో అటునిటు మాఱుచు పుట్టు విద్యుత్తును వెనుకభాగమునందలి డయోడులు ఒకే దిశకు మరల్చి బ్యాటరీకి పంపును. సిలికాను డయోడులు చౌకయైన పిమ్మటనే ఇది కార్లలోనికి వచ్చినది. 1960లో అమెరికాదేశపు క్రైస్లరు కంపెనీ తన వాలియంటు కారునకు దీని నమర్చినది. మనదేశమున అంబాసిడరు మొదలగు పాతకార్లు తొలుత డైనమోతో నడచి, తరువాత ఆల్టర్నేటరునకు మాఱినవి. మదరాసులో 1961లో స్థాపింపబడిన లూకాస్ టీవీయస్ కంపెనీ పేరు మన ప్రాంతపు మెకానిక్కులకు సుపరిచితమే.

డైనమో పోయినను డైనమోకాలపు అలవాటొకటి మన గ్యారేజీలలో ఇంకను పోలేదు. ఇంజిను తిరుగుచుండగనే బ్యాటరీ తీగను ఊడదీసి, ఇంజిను ఆగినచో డైనమో చెడినదనియు, ఆగకున్నచో బాగున్నదనియు తీర్పు చెప్పుట ఆ యలవాటు. డైనమోకు ఇది చెల్లినదేమో గాని ఆల్టర్నేటరునకు చెల్లదు. బ్యాటరీ హఠాత్తుగా తొలగినప్పుడు వోల్టేజి ఒక్క క్షణమున అనేకరెట్లు పైకెగసి డయోడులను, రెగ్యులేటరును, క్రొత్తకార్లలో నైనచో ఇంజిను కంప్యూటరును గూడ మాడ్చివేయగలదు. బాగున్న ఆల్టర్నేటరు పరీక్షచేతనే చచ్చుట ఇట్లు. మీ బండికి ఎవ్వరైనను ఈ పరీక్ష చేయబోయినచో చేయిపట్టి యాపుడు.

సరియైన పరీక్షకు మల్టీమీటరు చాలును. ఇది మన పట్టణములలో విద్యుత్సామగ్రి యమ్ము దుకాణములయందు స్వల్పమూల్యమునకు దొరకును; ఊరికొకటి యున్నను పదిమందికి పనికివచ్చును. బండిని రాత్రియంతయు కదలింపక, ఉదయమున తాళము త్రిప్పక మునుపు బ్యాటరీ రెండు కొనలమధ్య కొలువవలయును. 12.6 వోల్టు లున్నచో బ్యాటరీ నిండుగా నున్నది, 12.2 ఉన్నచో సగము. 12కు దిగువ నున్నచో దాదాపు ఖాళీ. తరువాత ఇంజినును నడిపి, వేగము కొంచెము పెంచి, మరల కొలువుడు. 13.8 నుండి 14.6 వరకు చూపినచో ఆల్టర్నేటరు పనిచేయుచున్నది. అప్పుడు హెడ్‌లైట్లు, లోపలి గాలిపంకా, వైపరు అన్నింటిని వేసి మూడవమాఱు కొలువుడు. అప్పుడును 13.2కు దిగకుండ నిలిచినచో దోషము ఆల్టర్నేటరుది కాదు. బ్యాటరీకి వయస్సు తీరినదో, ఆగియున్న బండిలో ఎచ్చటనో విద్యుత్తు కారుచున్నదో వెదకవలయును. ఇంజిను నడచుచున్నను 12.5 దాపుననే యున్నచో ఛార్జింగు ఎక్కుట లేదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. ఇది మఱింత చెఱుపు, ఏలయన బ్యాటరీలోని నీరు ఉడికి యింకిపోవును, బల్బులు మాడును. ఇటీవలి కార్లు కొన్నింటిలో కంప్యూటరు తానే వోల్టేజిని తగ్గించుచు పెంచుచు నుండును గాన, అట్టివానిని దీపములు వేసియే కొలువవలయును.

ఛార్జింగు లేదని తేలినను ఆల్టర్నేటరుమీద నేరము మోపుటకు ఇంకను తొందరపడరాదు. బెల్టును చూడుడు. లోపలివైపు అద్దమువలె నునుపెక్కినదైనచో, బొటనవ్రేలితో నడుమ నొక్కగా చాల లోతునకు దిగినచో, అది పుల్లీపై జాఱుచున్నదని యర్థము. పిమ్మట తీగలను చూడవలయును. అన్ని దీపములును వేసి, ఇంజిను నడచుచుండగా, మల్టీమీటరు ఒక కొనను ఆల్టర్నేటరు వెనుకనున్న లావుతీగ బిగించు మరపైనను, రెండవ కొనను బ్యాటరీ ప్లస్సుపైనను ఉంచుడు. అర వోల్టునకు మించి చూపినచో ఆ తీగయో దాని బిగింపో చెడినది. అదే తీరున ఆల్టర్నేటరు ఒంటికిని బ్యాటరీ మైనస్సునకును నడుమ కొలిచినప్పుడు 0.2 వోల్టునకు మించరాదు. మించినచో ఎర్తుతీగ తుప్పుపట్టినది. ఉప్పుకాగితముతో రుద్ది బిగించినంత మాత్రమున బాగుపడిన బండ్లు ఎన్నియో కలవు. తాళము త్రిప్పగనే బ్యాటరీ బొమ్మగల ఎఱ్ఱదీపము వెలుగుచున్నదా యనునది గూడ గమనింపుడు. కొన్ని రకములలో ఆ దీపపు తీగగుండనే ఆల్టర్నేటరునకు తొలి ప్రేరణ యందును. చిన్న బల్బు మాడిన కారణముచేతనే ఛార్జింగు నిలిచిపోవుట కలదు.

ఇవన్నియు బాగుండి ఆల్టర్నేటరే చెడినదని తేలెననుకొందము. అప్పుడును దానిని విప్పించి చూచుట మేలు. బ్రష్షులు అరిగిపోవుట సామాన్యమైన జబ్బు. అవి బొగ్గుముక్కలు గాన అరుగక తప్పదు. రెగ్యులేటరు, బేరింగులు, డయోడు పలక అనునవి గూడ విడిగా దొరకును. ఈ నాలుగింటిలో ఏది చెడినను నమ్మకమైన ఎలక్ట్రీషియను చేత మార్పించుకొనుట మేలు. పూర్తిగా క్రొత్తది కొనుటకంటె ఖర్చు మిక్కిలి తగ్గును. తీగచుట్టలు మాడిన వాసన వచ్చినను, నడిమి ఇరుసుపై బ్రష్షు లాను రాగికట్లు లోతుగా గాడిపడినను క్రొత్తదానికి పోవుటయే మా సలహా. చేతితో మరల చుట్టించిన తీగలకు పట్టించు వార్నీషు మన వేసవి యెండను, ఇంజిను సెగను కలిపి యోర్చుకొనుట యరుదు. మార్కాపురపు పలకరాతి గనుల చుట్టుపట్లవారికి ఒక మాట: ఆ ధూళి ఆల్టర్నేటరు రంధ్రములగుండ చొచ్చి బ్రష్షుల చోటును పూడ్చివేయును. అప్పుడప్పుడు వట్టిగాలితో ఊదించుట మంచిది. సర్వీసింగు చోట్ల నీటిగొట్టమును నేరుగా దానిపైకి పట్టుట కూడదు.

ఇక కొనవలసిన పక్షమున మొదట చదువవలసినది పాతదాని ఒంటిపైనున్న పలకను. నూనె, దుమ్ము తుడిచి చూచినచో దానిపై కంపెనీ పేరు, పార్టు నంబరు, వోల్టులు, ఆంపియరులు అచ్చొత్తియుండును. ఆ పలకను సెల్‌ఫోనుతో ఫోటో తీసికొనుటయో, పాతదానినే వెంట గొనిపోవుటయో చేయుడు. బండి పేరు మాత్రము చెప్పి కొనుట చాలదు. ఒకే పేరుగల బండికి వేర్వేఱు సంవత్సరములలో వేర్వేఱు ఆల్టర్నేటరులు వేసియుందురు. ఏసీ గలదానికొకటి, లేనిదానికొకటి గూడ నుండును. కారునకును ట్రాక్టరునకును వలసినది 14 వోల్టులని పలకపై నుండును. ఇది 12 వోల్టుల బ్యాటరీ గల బండ్లకు. లారీలకు వాడునది 28 వోల్టులది; దానితో మనకు పనిలేదు.

కొన్ని పలకలపై 45/90 వంటి జంట అంకెలు కనబడును. మొదటిది ఇంజిను ఊరక నిలిచి తిరుగునప్పుడు వచ్చు ఆంపియరులు. రెండవది ఆల్టర్నేటరు నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు వచ్చునవి. దుకాణదారులు చెప్పునది ఎల్లప్పుడును రెండవ అంకెయే. మనకు కావలసినది మొదటిది గూడ. కంభము చెఱువు నుపమానముగా తీసికొనుడు. గుండ్లకమ్మ తెచ్చు నీటికంటె తూములగుండ పోవు నీరు హెచ్చైనచో చెఱువు క్రమముగా తగ్గును గదా. బ్యాటరీ చెఱువు, ఆల్టర్నేటరు ఏరు, దీపములును పంకాలును తూములు. రెండు హెడ్‌లైట్లు దాదాపు 10 ఆంపియరులు త్రాగును. లోపలి గాలిపంకా పూర్తివేగమున 10 మొదలు 15 వరకు, ఏసీకి వెలుపలనున్న పంకా మఱియొక 10 మొదలు 15 వరకు, వైపరు నాలుగైదు, వెనుకదీపములు రెండుమూడు, ఇంజిను కంప్యూటరును డీజిలు లేక పెట్రోలు పంపును కలిసి 8 మొదలు 10 వరకు. వానకాలపు రాత్రి అన్నియు కలిసి 45 నుండి 55 ఆంపియరులగును. దీనికి మీరు అదనముగా బిగించిన ఎల్‌ఈడీ దీపములు, మైకుసెట్టు, ఫోను ఛార్జరులు చేర్చుకొనుడు. 35 ఆంపియరుల పాతరకము ఏసీ లేని జీపునకు చాలును గాని ఇట్టి బండికి చాలదు.

పెద్ద ఆల్టర్నేటరు వేసినచో బ్యాటరీ మాడునను భయము కొందఱికి కలదు. అది నిరాధారము. వోల్టేజిని రెగ్యులేటరు కట్టడిచేయును; ఆంపియరులు అడిగినన్ని మాత్రమే వచ్చును. కాని పెద్దది వేసినప్పుడు దానినుండి బ్యాటరీకి పోవు తీగయు, ఫ్యూజును దానికి తగినంత లావుగా నుండవలయును. లేనిచో తీగ కాగి నిప్పంటుకొను ప్రమాదము కలదు. కాబట్టి పాతదానికి సమానమైనదో, కొంచెము పైదో తీసికొనుట యుక్తము. తక్కువదానిని ఎంత చౌకగా నిచ్చినను తీసికొనరాదు.

బిగింపునకు సంబంధించిన కొలతలలో చెవుల దూరము, పుల్లీ ముఖ్యములు. పాతబండ్లకు ఒంటిగాడి బెల్టు. ఇప్పటివానికి నాలుగైదాఱు సన్నగాళ్ల చదునుబెల్టు. గాళ్ల లెక్క ఒక్కటి తేడాయైనను బెల్టు ప్రక్కకు తిని తెగును. క్రొత్త డీజిలు కార్లు కొన్నింటిలో పుల్లీ ఒక్క దిశకు మాత్రమే పట్టి రెండవ దిశకు వదలునట్టిది. దానికి బదులు మామూలు పుల్లీ వేసినచో బెల్టు వణకి శబ్దము చేయును. వెనుకనున్న ప్లగ్గు తీగలు ఎన్ని, ఏ యాకారము అనునది గూడ సరిపోవలయును. ఇంజిను కంప్యూటరే ఆల్టర్నేటరును నడుపునట్టి ఇటీవలి కార్లకు పార్టు నంబరు అచ్చముగా కలిసినదే వేయవలయును. అందు మెకానిక్కు చాతుర్యమునకు తావులేదు.

ఇంతవరకు చెప్పినది తప్పినచో బండి యాగును. ఇప్పుడు చెప్పబోవునది తప్పినచో బండి యాగకపోవుటయే ప్రమాదము. డీజిలు ఇంజినులో పెట్రోలు ఇంజినునందువలె సహజమైన వాక్యూము పుట్టదు. బ్రేకుపై కాలుపెట్టినప్పుడు మన బలమునకు తోడువచ్చునది ఆ వాక్యూమే. దానిని పుట్టించు చిన్నపంపును బొలేరో, సుమో, ఇండికా మొదలగు డీజిలు బండ్లలో అనేకమునందు ఆల్టర్నేటరు వెనుకనే బిగించియుందురు. ఆల్టర్నేటరు ఇరుసే దానిని త్రిప్పును. ఇంజిను నూనె సన్నని గొట్టముగుండ దానిలోనికి వచ్చి, లావు రబ్బరు గొట్టముగుండ మరల ఇంజినులోనికి దిగును. ఈ సంగతి నెఱుగక పంపులేని ఆల్టర్నేటరును బిగించి, నూనె గొట్టమునకు బిరడా కొట్టి పంపినచో ఛార్జింగు చక్కగా నుండును, దీపములు ప్రకాశించును, బ్రేకు మాత్రము రాయివలె గట్టిపడును. ఊరిలో మెల్లగా తిరుగువానికి ఇది వెంటనే తెలియకపోవచ్చును. దిగువమెట్ట దాటి నంద్యాలవైపు కనుమ దిగునప్పుడు, దోర్నాలనుండి శ్రీశైలమునకు భక్తుల నెక్కించుకొని పోవునప్పుడు, మలుపు మలుపునకును బ్రేకు తొక్కవలసివచ్చిననాడు తెలియును.

ఈ పంపు విషయమున మఱి రెండు మాటలు. పాత ఆల్టర్నేటరు లోపల నూనెతో తడిసి బ్రష్షులు జిడ్డెక్కియున్నచో పంపు సీలు చెడినదనియో, నూనె దిగు రబ్బరు గొట్టము పూడినదనియో గ్రహింపవలయును. ఆ గొట్టమును శుభ్రము చేయక క్రొత్తది వేసినచో క్రొత్తదియు కొలదిదినములలో అట్లే తడియును. క్రొత్తదానిని బిగించునప్పుడు పంపు నూనెద్వారమున కొంచెము ఇంజిను నూనె పోసి చేతితో పుల్లీని నాలుగుచుట్లు త్రిప్పవలయును. ఎండుగా తిరిగినచో పంపు రెక్కలు గీసుకొనిపోవును. గొట్టపు బిగింపునందలి రాగి వాషర్లను క్రొత్తవానిని వేయింపుడు. బండిని ఇంటికి తెచ్చుటకు ముందు ఈ పరీక్ష చేయుడు: ఇంజిను ఆపి బ్రేకును గట్టిపడువఱకు అయిదాఱు మార్లు తొక్కి, కాలు తీయక ఇంజినును నడుపుడు. కాలిక్రింద బ్రేకు కొంచెము దిగినచో వాక్యూము వచ్చినది. దిగకున్నచో గ్యారేజీనుండి బండిని కదలింపకుడు.

సరకు ఎచ్చట కొనవలయునను విషయమున మా యభిప్రాయము సూటిగా చెప్పెదము. బండి కంపెనీవారి పెట్టెలో వచ్చునదియు, ఆల్టర్నేటరును చేసిన కంపెనీ తన పెట్టెలో అమ్మునదియు పెక్కుమార్లు ఒకే వస్తువు; రెండవది చౌక. పేరులేని క్రొత్తదానికంటె, పేరుగల దానిని విప్పి బ్రష్షులు, బేరింగులు, డయోడు పలక మార్చి బాగుచేసినదే మాకు నమ్మకము. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల పాతబండ్లనుండి తీసినవి దొరకును. కాని వాని నడక యెంతయో చెప్పజాలము, వారంటీ యుండదు. పల్లెలో బాడుగకు త్రిప్పుకొను బండికి అది చెల్లవచ్చును గాని కనుమదారిని రాత్రులు పోవుబండికి దానిని మేము సిఫారసు చేయము. నకిలీ పెట్టెలును కలవు. పెట్టెమీది పార్టు నంబరును వస్తువుపైనున్న నంబరును పోల్చి, తయారుచేసినవారి చిరునామా, గరిష్ఠపు ధర అచ్చయియున్నవా చూచి, జీఎస్టీ నంబరుగల బిల్లును, ముద్రవేసిన వారంటీ కార్డును తీసికొనవలయును. 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణచట్టము ననుసరించి జిల్లా కమిషనునకు ఫిర్యాదు చేయుటకు ఆ బిల్లే ముఖ్యసాక్ష్యము. బిల్లు లేకుండ పన్ను తగ్గించి ఇత్తునను మాటకు లోబడినవారికి ఆ ద్వారము దాదాపు మూసికొన్నట్లే.

బ్యాటరీ ఖాళీగా నుండగా క్రొత్త ఆల్టర్నేటరును బిగించి దానితోనే నింపబూనుట సామాన్యముగా జరుగు తప్పు. ఎండిన చెఱువును ఒక్కపూటలో నింపుమని చిన్నయేటిని నిర్బంధించినట్లది. గంటలతరబడి పూర్తిబలమున పనిచేసి ఆల్టర్నేటరు కాగిపోవును. ముందుగా బ్యాటరీని దుకాణమున ఛార్జింగు పెట్టించుడు. బిగించునప్పుడు మైనస్సు తీగను మొదట విప్పి, కడపట బిగింపవలయును. వేఱొక బండి బ్యాటరీతో సెల్ఫు కొట్టించునప్పుడు ప్లస్సు మైనస్సులు తాఱుమాఱైనచో డయోడులు క్షణములో పోవును. ట్రాక్టరుపై వెల్డింగు పని చేయించునప్పుడు గూడ బ్యాటరీ తీగలను విప్పివేయుట మఱవకుడు.

ఛార్జింగు లేని బండితో రాత్రి బయలుదేఱుదమా యని యడుగువారికి లెక్క చెప్పెదము. 40 ఆంపియరు గంటల బ్యాటరీపై హెడ్‌లైట్లు, ఇంజిను అవసరములు కలిసి 20 ఆంపియరులు లాగినచో కాగితముమీద రెండుగంటలు. పాతబ్యాటరీనుండి పనికివచ్చునది అందు సగమని యెంచుట క్షేమము, అనగా ఒకగంట. తరువాత దీపములు ఎఱ్ఱబడును, కంప్యూటరుగల ఇంజిను ఆగిపోవును. పాతరకపు డీజిలు ఇంజిను తిరుగుచున్నను చీకటిలో దానితో ప్రయోజనము లేదు. అడవిలో ననేకచోట్ల ఫోను పలుకదు. ఎఱ్ఱదీపము దారిలో వెలిగినచో ఏసీ, పంకా, పాటలు ఆపి, సమీపపు ఊరిలోనే నిలుచుట మేలు.

క్రొత్తది బిగించిన దినమున పైన చెప్పిన మూడు కొలతలను మరల కొలిచి, బిల్లు వెనుక తారీఖుతో వ్రాసి యుంచుకొనుడు. ఒంటిగాడి బెల్టు క్రొత్తదైనచో మొదటి రెండుమూడువందల కిలోమీటర్లలో సాగును, మరల బిగింపించుకొనవలయును. కనుమ ప్రయాణము పెట్టుకొన్నవారు ఈ బిగింపును బయలుదేఱుటకు ముందటిదినముననే చేయించుకొందురుగాక.